కందూరు మేకకు సీటు బెల్టు

మహీంద్రా వాళ్ళ జీపు థార్ రాక్స్‌లో సీట్లు తెల్లగా ఎందుకు పెట్టారన్న ప్రశ్న మీద నల్లగొండ దేవరకొండ రోడ్డులో, మెకానిక్ భాయ్ షెడ్డు ముందు ఖర్చయిన చాయ్‌లకు లెక్క లేదు. మా జిల్లాలో ఎర్ర చెలక ఉంది, నల్లరేగడి ఉంది, రెండూ లేనిచోట రోడ్డు పని దుమ్ము ఉంది. పొద్దున కట్టిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ రంగులో ఉందో చూసి మనిషి ఏ మండలం పోయి వచ్చాడో చెప్పొచ్చు. ఇలాంటి చోట తెల్ల సీట్లేమిటని ఒక వర్గం అడుగుతుంది. కడుక్కోవడం రానోడికి బండెందుకని రెండో వర్గం తిరిగి అడుగుతుంది.

మొదటి వర్గానికి పెద్ద మా పెద్దనాయిన. ఆయనకు బత్తాయి తోటతో పాటు ఒక పాత మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు ఉంది. తోట కన్నా జీపుకే ఎక్కువ పెట్టుబడి పెట్టాడని పెద్దమ్మ అంటుంది. రెండో వర్గానికి పెద్ద మా బావ. కిస్తుల మీద కొత్త రాక్స్ తెచ్చాడు. వరసకు మామా అల్లుళ్ళు కాబట్టి తిట్టుకోవడానికి వీల్లేదు. అందుకని ఎదుటివాళ్ళ బండిని తిట్టుకుంటారు.

పెద్దనాయిన సిద్ధాంతం ఏమిటంటే, జీపన్నాక మనిషిని కొంచెం ఏడిపించాలి. పాత జీపులో నాలుగు చక్రాలూ పట్టాలంటే, అంటే ఫోర్ బై ఫోర్ కావాలంటే, డ్రైవరు కిందికి దిగి, ముందు చక్రాల హబ్బులు రెండూ చేత్తో తిప్పి, మళ్ళీ ఎక్కి, పెద్ద గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు లాగాలి. ఇదంతా బురదలో ఇరుక్కున్నాక గుర్తొస్తుంది కాబట్టి దిగేది బురదలోకే. "బురదల దిగనోడు బురద ఎట్ల దాటుతడు అల్లుడా?" అంటాడు. దీనికి బావ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

వంశవృక్షం కూడా ఆయనకు కంఠస్థం. 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం దగ్గర మొదలుపెడతాడు. దేవరకొండ నుంచి ఊళ్ళకు ట్రిప్పులు కొట్టిన కమాండర్ జీపుల దగ్గర కాసేపు ఆగుతాడు. లోపల ఎంతమంది ఉన్నారో డ్రైవరుకే తెలియదట, చిల్లర లెక్కపెట్టుకున్నాక తెలిసేదట. 2010లో వచ్చిన మొదటి థార్‌ను మనుమడంటాడు. 2020 అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్‌ను చదువుకున్న మునిమనుమడంటాడు. దాని నేల కడిగేయొచ్చు, నీళ్ళు పోవడానికి కింద బిరడాలు పెట్టారు, కాబట్టి రక్తం మంచిదేనని ఒప్పుకున్నాడు. రాక్స్ వచ్చిన 2024 ఆగస్టు 15 దగ్గరకు వచ్చేసరికి గొంతు మారుతుంది. "ఐదు తలుపులు, నెత్తి మీద ఇంత పెద్ద అద్దం, కూసుంటే కిందికెల్లి చల్లగాలి. ఇది జీపు కాదల్లుడా, ఫంక్షన్ హాలు."

బావ కాగితం మీది అంకెలతో వస్తాడు. "650 మిల్లీమీటర్ల నీళ్ళల్లకెల్లి పోతది మామా."

"మన జిల్లాల గన్ని నీళ్ళు ఏడున్నయిరా?"

ఆ మాట అన్న రోజు పానగల్లు ఉదయ సముద్రం నిండుగా ఉంది. వాదనలో ఉన్నప్పుడు పెద్దనాయిన చెరువుల వైపు చూడడు.

గీతల గొడవ వేరే. 2020 థార్ ముఖానికి ఏడు నిలువు గీతలుంటాయి, రాక్స్‌కు ఆరే. పోయిన ఆ ఒక్క గీత కోసం రెండు వర్గాలూ ఒక మధ్యాహ్నం భోజనం మానుకున్నాయి. నాకు నవ్వొచ్చింది కానీ, షెడ్డుకు వచ్చే బ్యాంకు సారు ఫోన్ తీసి చదివాక నవ్వడం మానేశాను. మహీంద్రా వాళ్ళు అమెరికాలో రాక్సర్ అనే బండి అమ్మితే, ముఖం అచ్చం మాదేనని జీపు కంపెనీవాళ్ళు 2018లో ఫిర్యాదు చేశారట. ఆ వ్యవహారం తేలేసరికి రాక్సర్ ముఖమే మారిపోయింది. అంటే గీతలు లెక్కపెట్టే పనికి లాయర్లు ఫీజు కూడా తీసుకున్నారన్నమాట. మా వాళ్ళు ఉచితంగా చేస్తున్నారు.

ఇంగ్లండు వాళ్ళ జీపు ల్యాండ్ రోవర్ డిఫెండర్ సంగతి తెచ్చిందీ ఆ సారే. పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది. 2019లో కొత్తది చూపించారు. అది చూసి పాత బండి అభిమానులు మా పెద్దనాయిన లాగే తలలు పట్టుకున్నారు. పాతది ఆగిపోతోందన్న దిగులుతో అక్కడొక పెద్ద వ్యాపారి, జిమ్ రాట్‌క్లిఫ్, అలాంటి మోటు బండి మనమే చేద్దామని లండన్‌లో ఒక పబ్బులో కూర్చుని అనుకున్నాడట. ఆ పబ్బు పేరే బండికి పెట్టాడు, గ్రెనేడియర్ అని. మామూలుగా తాగినప్పుడు అనుకున్న పని తెల్లారాక ఎవరూ చేయరు. ఆయన చేశాడు.

ఇది విన్నాక షెడ్డు ముందు చాలాసేపు ఉత్సాహం ఆగలేదు. మనమూ ఒక బండి తయారుచేయాలి, పేరు మాత్రం కల్లు కాంపౌండ్ అని పెట్టాలి అన్నారు. ఆ పేరు మీద రిజిస్ట్రేషన్ కాదని ఆర్టీఏ ఏజెంటు చెప్పడంతో పరిశ్రమ అక్కడే మూతపడింది.

అసలు ముప్పు గుండ్రటి లైట్ల దగ్గర వచ్చింది.

రెండు బండ్లకూ గుండ్రటి లైట్లే. ఎవరివి అసలైన జీపు కళ్ళో తేల్చడానికి ఒక శనివారం సాయంత్రం రెండింటినీ షెడ్డు గోడకు ఎదురుగా నిలబెట్టి లైట్లు వేశారు. రాక్స్ తెల్లటి వెలుగు చిమ్మింది. జీపు పసుపు వెలుగు పరిచింది. పెద్దనాయిన పసుపు శుభం అన్నాడు. బావ రాత్రిపూట గేదె కనపడాలంటే శుభం చాలదన్నాడు. చీకటి పడ్డాక బావ లైట్లు ఆర్పేశాడు. ముందు ఆర్పినోడు ఓడినట్టేనని పెద్దనాయిన ప్రకటించి, గెలిచిన సంతోషంలో జీపు లైట్లు అలాగే వదిలేసి, మోటారు సైకిలు మీద ఇంటికెళ్ళి పడుకున్నాడు.

తెల్లారితే మాకు కందూరు. బండి లోన్ శాంక్షన్ అయితే జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మేకను కోసి పెడతానని అక్క మొక్కుకుంది. మా వైపు ఈ మొక్కుకు కులం లేదు, మతం లేదు, కందూరన్నాక అందరూ వస్తారు. ఏర్పాటు బ్రహ్మాండంగా కుదిరింది. మనుషులు రాక్స్‌లో, మేకా డేగిశాలూ బియ్యమూ జీపులో. వంటవాళ్ళు బస్సులో ముందే పోయారు.

జీపు తాళం తిప్పితే లోపల్నుంచి ఒక చిన్న దగ్గు వినిపించింది, అంతే. బ్యాటరీ రాత్రంతా గోడకు వెలుగు చూపించి పడిపోయింది. తోసి స్టార్ట్ చేద్దామంటే అందరం ఇస్త్రీ బట్టల్లో ఉన్నాం, పైగా షెడ్డు ముందు రోడ్డు ఎత్తుకు ఉంది. చార్జింగ్ పెడతాను, మీరు పోండి అన్నాడు భాయ్. అప్పుడు అందరం ఒకేసారి మేకను చూశాం. తరువాత బావను చూశాం.

"వద్దు," అన్నాడు బావ.

"మొక్కు బండి కోసమే గద," అంది అక్క. "మొక్కును బండి ఎక్కనియ్యవా?"

వెనక డిక్కీలో యూరియా సంచులు పరిచి, వాటి మీద పట్టా, పట్టా మీద అక్క పాత చీర, దాని మీద మేక. బావ చేతులతో అంతా సర్దుతుంటే కొత్త పెళ్ళికూతురికి కూడా ఇన్ని మర్యాదలు జరగలేదని అక్క గుర్తుచేసింది. ముందు సీటు పెద్దనాయినది, వయసు ప్రకారం. మధ్య సీటులో నేనూ అక్కా.

ఊరు దాటామో లేదో మేక ఒక్క దూకు దూకి మధ్య సీటులోకి వచ్చింది. వచ్చి మా ఇద్దరి నడుమ నిలబడి ముందుకు చూస్తోంది, రోడ్డు తెలిసినదాని లాగా. వెంటనే బండి టింగు టింగుమని మొదలుపెట్టింది. సీటు మీద బరువు పడింది, బెల్టు పడలేదు, అదీ దాని బాధ. బావ రేడియో ఆపాడు, ఏసీ ఆపాడు, మోత ఆగలేదు. చివరికి నేను మేక నడుము చుట్టూ బెల్టు తిప్పి బిగించాను. బండి మోత ఆగింది. మేక మోత మొదలైంది.

"మా జీపుల మేక ఎక్కితే మేక అని దానికి తెలుస్తది," అన్నాడు పెద్దనాయిన. "దీనికి మనిషికీ మేకకూ ఫరక్ తెలుస్తలేదు."

తిప్పర్తి దగ్గర ఆయన ఉన్నట్టుండి సీటులో ఎగిరిపడ్డాడు. పంచె వెనక తడుముకున్నాడు. "అల్లుడా, బండి ఆపు. మేక పని కానిచ్చింది. నా సీటు తడిసింది."

"మేక వెనకున్నది మామా."

"మరి చల్లగ తగులుతున్నది?"

"అది సీటు కిందికెల్లి వచ్చే గాలి. ఎండకాలం కోసం పెట్టిండ్రు."

పెద్దనాయిన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఇలాంటి గాలి ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పాడు. తగ్గించమంటావా అని బావ అడిగితే, ఉండనీ అన్నాడు.

వేములపల్లి దాటాక మేక నిజంగానే పని కానిచ్చింది. మొదట వాసన వచ్చింది, తరువాత తెల్ల సీటు మీద రంగు వచ్చింది. డిక్కీలో పరిచిన యూరియా సంచులు, పట్టా, చీర, ముగ్గురూ పొడిగా హాయిగా ఉన్నారు. బావ సాగర్ ఎడమ కాల్వ పక్కన బండి ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. అక్క చెంబుతో కాల్వ నీళ్ళు తెచ్చి సీటు రుద్దుతూ అందుకుంది.

"కాఫీ రంగు సీట్లున్నయంట, అవి తీసుకుందమంటే విన్నవా? అవి ఫోర్ బై ఫోర్‌కే వస్తయి, దానికి ఇంకిన్ని పైసలు గావాలె, మనకెందుకు, తెల్లయే తీసుకుందమన్నవ్. ఇగ రుద్దు!"

పెద్దనాయిన మెడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "అల్లుడా... మరి నీది?"

బావ తల ఎత్తలేదు. "వెనక చక్రాలే మామా."

"రెండే?"

"రెండే."

"మరి 650 మిల్లీమీటర్లు?"

"అది రెండు చక్రాలతోని గూడ..." బావ వాక్యం పూర్తి చేయలేదు.

పెద్దనాయిన బండి దిగాడు. అంత వయసులో ఆయన అంత చురుగ్గా దిగడం మేమెవరం చూడలేదు. వడ్ల ట్రాక్టరు మీద పోతున్న ఇద్దరు ముక్కూమొహం తెలియని మనుషులను ఆపి, అసలు ఫోర్ బై ఫోర్ అంటే ఏమిటో, హబ్బులు ఎట్లా తిప్పాలో గాలిలో తిప్పి చూపించాడు. వాళ్ళు ఓపికగా విని, మిర్యాలగూడ మిల్లులో టోకెన్ అయిపోతుందని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన గెలిచిన మొహంతో వచ్చి మళ్ళీ చల్లటి సీటులో కూర్చున్నాడు.

అప్పుడే బావ ఫోన్ మోగింది. బండికి కలిపి ఉంది కాబట్టి ముందున్న పెద్ద తెర మీద మెకానిక్ భాయ్ అని పడింది. బావ నీరసంగా నొక్కాడు. భాయ్ గొంతు బండిలోని స్పీకర్లన్నిటి నుంచీ ఒకేసారి వచ్చింది.

"మామ ఫోన్ లేస్తలేదు, అందుకే నీకు చేసిన. జీపు స్టార్ట్ అయింది, ఫికర్ లేదు. ఒక్క మాట అడుగు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ మళ్ళ బిగించమంటడా? డీజిల్ బాగ తాగుతున్నదని ఇప్పదీయించిండు గద, అప్పటి సంది నా షెడ్డు రేకుకు అదే ఆసరా. తీయమంటే తీస్త గని, రేకు మీద పడ్తది."

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు చేరవేసేది ఆ షాఫ్టే. అది లేని జీపులో హబ్బులు ఎంత తిప్పినా చేతులకు మట్టి అంటడం తప్ప జరిగేదేమీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఈ మనిషి ఇన్నేళ్ళూ పదిమంది ముందు బురదలోకి దిగి, ఎంతో శ్రద్ధగా వాటిని తిప్పి, మళ్ళీ ఎక్కేవాడు.

బావ స్టీరింగు మీద నుంచి తల ఎత్తాడు. పెద్దనాయిన కాల్వలో నీళ్ళు ఎంత వదిలారో చూస్తున్నాడు. అక్క తడి గుడ్డ పిండి, ఇద్దరినీ ఒకసారి చూసి, బెల్టు పెట్టుకుని నిలబడ్డ మేక వీపు నిమిరింది.

"మొత్తానికి మన ఖాందాన్ల ఫోర్ బై ఫోర్ ఇదొక్కటే. దీన్ని కోసుకతింటున్నం."

పెద్దనాయిన గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, ఇట్ల జెయ్యి. నీ తెల్ల సీట్ల ముచ్చట నేను షెడ్డుల ఎత్తను. నా షాఫ్ట్ ముచ్చట నువ్వు ఎత్తకు. భాయ్ చెవుల మాత్రం అస్సలు పడొద్దు."

"నేను లైన్లనే ఉన్న మామా," అన్నాయి స్పీకర్లు.