సవరణ: ప్రమాణం నాటికి పి.వి. ఎంపీ కాదు

పి.వి. నరసింహారావు జీవితచరిత్ర రాసేవారి కోసం పెట్టిన పోస్టులో '1991లో రామ్‌టెక్ ఎంపీగా ఉంటూ ప్రధాని అయ్యారు' అని ఉంది. ఆ వాక్యం తీసేయండి. ఆయన రామ్‌టెక్ నుంచి 1984, 1989లలో గెలిచిన మాట నిజమే. కానీ తొమ్మిదో లోక్‌సభ 1991 మార్చిలోనే రద్దయింది, ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. జూన్ 21న ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. రాజ్యాంగం 75(5) అధికరణ ప్రకారం, సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. అందుకే నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక.

ఈ పొరపాటు ఎక్కువగా సభ్యుల పరిచయ పట్టికల దగ్గరే దొర్లుతుంది. అందులో 8, 9, 10 లోక్‌సభలు వరుసగా కనిపిస్తాయి, మధ్యలోని ఖాళీ కనపడదు. కాబట్టి ప్రతి పదవికీ రద్దు తేదీ, ఎన్నిక తేదీ, ప్రమాణం తేదీ మూడు వేర్వేరు గడుల్లో రాసుకోండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. 'ది ఇన్‌సైడర్' పి.వి. రాసిన నవల, ఆత్మకథ కాదు. అందులో కథానాయకుడు ఆనంద్ అనుభవాలు పి.వి. అనుభవాల్లాగే అనిపించినా, అసెంబ్లీ చర్చల్లోనో, అప్పటి పత్రికల్లోనో విడిగా ఆధారం దొరికితే తప్ప జీవితచరిత్రలోకి ఎక్కించొద్దు.