కింద కొట్టు, పైన కాపురం అనే నేరం గురించి

మనిషి సరుకు అమ్మే చోటే నిద్ర కూడా పోతే ఎంత ప్రమాదమో చాలామందికి ఇంకా తెలిసినట్టు లేదు. పాత రోమ్ నగరానికి రేవుగా ఉన్న ఆస్టియాలో 2వ శతాబ్దం నాటి ఇటుక మేడల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. కింద వీధి వైపు వరసగా కొట్లు, పక్కనుంచి మెట్లు, పైన కాపురాలు. ఎక్కడ ఇళ్లు, ఎక్కడ కొట్లు అని ఊరిని ముక్కలుగా విడదీసే జోనింగ్ ఆఫీసరు లేడు, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ లేదు. రోమన్ సామ్రాజ్యం ఎందుకు కూలిందని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, నాకైతే పెద్దగా అనుమానం లేదు.

ఈ అరాచకాన్ని అదుపులో పెట్టిన ఘనత అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే ఊరిది. ఆ ఊరికి ఆ పేరు పెట్టింది భూమి కొలవడానికొచ్చిన సర్వేయర్లు, రేఖాగణితం యూక్లిడ్ మీద భక్తితో. గీతల పిచ్చి ఆ మట్టిలోనే ఉందన్నమాట. ఇక్కడ ఇళ్లు, ఇక్కడ కొట్లు, ఇక్కడ ఫ్యాక్టరీలు అని ఊరివాళ్లు గీతలు గీస్తే, అక్కడ 68 ఎకరాలున్న ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో సుప్రీంకోర్టు ఊరి వైపే తీర్పిచ్చింది. పశువుల దొడ్లో ఉండాల్సిన పంది ముందుగదిలో తిరిగినట్టు, మంచి వస్తువైనా చోటు తప్పితే ఉపద్రవమే అని జస్టిస్ సదర్లాండ్ అందులో రాశారు. అపార్ట్‌మెంట్లనైతే ఏకంగా పరాన్నజీవులన్నారు. ఇలా ఒక పందీ ఒక పరాన్నజీవీ కలిసి పట్టణ ప్రణాళిక అనే శాస్త్రాన్ని నిలబెట్టాయి. ఊరి మ్యాప్‌లో పసుపు రంగు ఇళ్లకి, ఎరుపు వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకి, రంగు దాటితే నోటీసు. శాస్త్రమంతా ఇంతే, మిగతాది ఫీజు.

ఫలితం మాత్రం అద్భుతం. సాయంత్రం చీకటి పడేసరికి ఎరుపు ముక్కలో షట్టర్లన్నీ దిగిపోతాయి, కుక్క కూడా మొరగదు, ఎందుకంటే కుక్కని పెంచేవాడు పసుపు ముక్కలో ఉంటాడు. తెల్లారాక పసుపు ముక్క ఖాళీ. ఒకే జనానికి రెండు ఊళ్లంత రోడ్లు, రెండు ఊళ్లంత లైట్లు, రెండు ఊళ్లంత డ్రైనేజీ, రెండిట్లోనూ సగం రోజు మనిషి కనపడడు. అన్ని వర్గాల జనం కాసేపైనా ఒకచోట కలిసేది ఈ రెండు ముక్కల మధ్య ట్రాఫిక్ జామ్‌లోనే. సమైక్యత అంటే ఇంకేం కావాలి?

జపాన్‌వాళ్ల సంగతి వేరు. కేవలం నివాసాలకే అని గీసిన అత్యంత కఠినమైన జోన్‌లో కూడా, ఇంటి విస్తీర్ణంలో సగం దాటకుండా, 50 చదరపు మీటర్లు మించకుండా ఇంట్లోనే చిన్న కొట్టు పెట్టుకోనిస్తారు. క్రమశిక్షణకి పేరున్న దేశం నుంచి ఇలాంటిది ఊహించలేదు.

సరే, ఇలా కొన్ని దశాబ్దాలు వ్యాపార కేంద్రాన్ని చక్కగా ఎండబెట్టాక ఒక కన్సల్టెంట్ వస్తాడు. స్లైడ్ మీద ఏదో పాత ఊరి సన్నటి వీధి ఫొటో వేసి, ‘జనం దీన్ని ఎందుకింత ఇష్టపడుతున్నారో గమనించారా, కింద షాపులు, పైన ఇళ్లు’ అని, కొత్త ఖండం కనిపెట్టినవాడిలా ఆగుతాడు. దీని పేరు మిక్స్‌డ్ యూజ్ అట. మ్యాప్‌లో పసుపు మీద ఎరుపు చారలు గీస్తారు. రెండు రంగులు కలపొచ్చని ఎల్‌కేజీ పిల్లాడికి తెలిసిన విషయం పెద్దవాళ్లకి తెలియడానికి టెండరు పిలవాల్సి వచ్చింది, అయినా తెలిసింది కదా, సంతోషమే.

ఆ ఫొటోలో ఉన్న వీధిని ఇవాళ కట్టాలంటే మాత్రం కుదరదు, సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ, చాలదు, పార్కింగ్ లేదు, ప్లాటు మరీ చిన్నది. మసాచుసెట్స్‌లో సోమర్‌విల్ అనే ఊరి ప్లానర్లు ఒకసారి కూర్చుని, తమ రూల్సుకి సరిగ్గా సరిపోయే ఇళ్లు ఎన్నున్నాయో లెక్కేశారు. దాదాపు 80 వేల జనాభా ఉన్న ఊళ్లో 22 తేలాయి. మిగతా ఊరంతా, అంటే జనం ఎగబడి ఉండాలనుకునే ఊరంతా, ఉల్లంఘనే. చివరికి వాళ్లు రూల్సే మార్చుకున్నారు, 2019లో. ధైర్యం చాలక, అంతే. ఊరిని కూల్చి ఉండాల్సింది.

ఇక పార్కింగ్, ఇది నాకు చాలా ఇష్టమైన అధ్యాయం. 1,000 చదరపు అడుగుల షాపుకి 4 కార్ల చోటు చూపించాలన్నది చాలాచోట్ల కనిపించే లెక్క. కారు నిలపడానికి, తిప్పడానికి కలిపి ఒక్కోదానికి 300 చదరపు అడుగులకి పైనే కావాలి, అంటే షాపు కంటే షాపుకొచ్చే కార్లకి ఎక్కువ జాగా. తాగి బండి నడపకూడదని ఒక శాఖ బోర్డు పెడితే, బారుకి మామూలు షాపు కంటే ఎక్కువ పార్కింగ్ ఉండాలని ఇంకో శాఖ పట్టుబడుతుంది. రెండు శాఖలూ ఒకే బిల్డింగులో ఉండొచ్చు కూడా, అది కూడా ఒక రకం మిక్స్‌డ్ యూజే. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో 2017లో ఈ కనీస పార్కింగ్ నిబంధనలని ఊరంతటా ఎత్తేసింది. అయినా ఊరు ఊరుగానే ఉంది. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

కొత్త ప్లాన్‌లో ఇంకో షరతు, ప్రతి బిల్డింగుకీ కింద షాపులు తప్పనిసరి. జనం చాలినంత ఉన్నారా, వీధి చివరి దాకా నడుస్తారా అన్నది ప్లానర్‌కి సంబంధం లేని విషయం, చారలు గీశాం కాబట్టి షాపులుండాలి. కొత్త కట్టడం ఖర్చు రాబట్టాలి కనుక అద్దె ఆకాశంలో ఉంటుంది, పాతకాలం నుంచి అక్కడే చిన్న కొట్టు నడుపుకున్నవాడు దాని దరిదాపులకి రాలేడు. పొమ్మనలేక పొగబెట్టడం పాత పద్ధతి. ఇప్పుడైతే ‘మళ్లీ రావడానికి మొదటి హక్కు మీదే’ అని కాగితం మీద రాసిచ్చి పంపిస్తారు. మరి ఖాళీగా ఉంటే అద్దె తగ్గించొచ్చుగా అంటారేమో, అలా అడిగేవాళ్లకి ఫైనాన్స్ తెలియదు. బిల్డింగ్ విలువ కట్టేది అద్దెని బట్టి. తగ్గించి ఒక్కడికిచ్చినా అప్పిచ్చినవాడి లెక్కలో మొత్తం విలువ పడిపోతుంది, అద్దాలకి పోస్టర్లు అంటించి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచితే కాగితం మీద విలువ చెక్కు చెదరదు. వ్యాపారం లేని షాపే గట్టి షాపు.

అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి బహిరంగ విచారణ ఎలాగూ ఉంది, పని దినం, ఉదయం 11 గంటలకి. కొట్టు ఉన్నవాడు కొట్టు మూసి రావాలి. రాకపోతే అభ్యంతరం లేనట్టే.

మరీ ఎక్కువ మాట్లాడేవాళ్లుంటే, వాళ్లకీ దారి ఉంది. కనెటికట్ రాష్ట్రం న్యూ లండన్‌లో ఫోర్ట్ ట్రంబుల్ అనే పేటని ఖాళీ చేయించి హోటలు, ఆఫీసులు, ఇళ్లు, షాపులు అన్నీ కలిపి కట్టాలని ప్లానేశారు. సుసెట్ కీలో అనే నర్సు నా గులాబీ రంగు ఇల్లు ఇవ్వనంది. 2005లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఊరి అభివృద్ధే ప్రజాప్రయోజనం అని తేల్చింది. ఇంటిని విప్పి ఇంకోచోటికి మార్చారు, మిగతా పేటని దాదాపుగా నేలమట్టం చేశారు. తర్వాత డెవలపర్‌కి డబ్బు పుట్టలేదు. ఎవరి పక్కన ఇదంతా వెలుస్తుందనుకున్నారో ఆ పెద్ద మందుల కంపెనీ 2009లో వెళ్లిపోతున్నానని చెప్పేసింది. ఆ నేల ఏళ్ల తరబడి గడ్డి మొలిచి పడుంది, ఊరపిల్లులు చేరి అక్కడే పిల్లల్ని కన్నాయి. సెట్‌బ్యాక్ వదల్లేదు, పార్కింగ్ చూపించలేదు, ఒక్క పిల్లీ విచారణకి హాజరు కాలేదు. వాటికి నోటీసులు ఇచ్చినట్టు ఎక్కడా చదవలేదు నేను, ఇవ్వకపోవడం పక్షపాతం.