కొననివాడి గోడు

విజయవాడ ఏలూరు రోడ్డులో మూడు దశాబ్దాలకు పైగా నడిచిన ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం మొన్న శ్రావణమాసంలో, అదీ మంచి గిరాకీ ఉండవలసిన రోజుల్లో, మూతపడింది. మూసేముందు యజమాని నాతో ఒక్క మాటైనా అనలేదు. నేనేమీ దారిన పోతూ తొంగిచూసినవాణ్ని కాను. పదకొండేళ్లుగా క్రమం తప్పకుండా ఆ మెట్లెక్కినవాణ్ని. మా ఇంట్లో ఉన్న రెండు టీవీలూ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మా మరదలి గృహప్రవేశానికి పెట్టిన మిక్సీ, అన్నిటినీ అక్కడే చూశాను, అక్కడే తడిమాను, అక్కడే మూతలు తీసి వేసి పరీక్షించాను, అక్కడి కుర్రాళ్ల చేతే గుణగణాలన్నీ చెప్పించుకున్నాను. కొనడం మాత్రం ఫోనులో కొన్నాననుకోండి, అది వేరే సంగతి. ఇంత నమ్మకంగా వచ్చిపోయే మనిషిని గాలికి వదిలేసి షట్టరు దించడం ఏ వ్యాపార ధర్మమో పెద్దలే చెప్పాలి.

ఆన్‌లైన్ వచ్చి కొట్లను మింగేసిందని లోకం కోడై కూస్తోంది. ఆ కూతల్లో కొన్ని మావంటి కొనుగోలుదారుల మీదికి కూడా మళ్లుతున్నాయి గనుక, బాధ్యతగల పౌరుడిగా నా వాంగ్మూలం ఇచ్చుకోవడం అవసరమనిపించింది.

కొట్టు మూతపడడానికి వారం ముందు ఏసీ కోసం వెళ్లాను. ఏసీ గురించి నాకు తెలిసిందల్లా దాని కింద పడుకుంటే హాయిగా ఉంటుందన్నదే. కొట్టులోని కుర్రాడు ముందు గది కొలతలడిగాడు, పదీ పన్నెండన్నాను. పై అంతస్తా అన్నాడు, అవునన్నాను. పడమటి గోడకు ఎండ కొడుతుందా అన్నాడు. పదిహేనేళ్లుగా ఆ గదిలోనే పడుకుంటున్నా ఆ విషయం తెలియక ఇంటికి ఫోను చేసి కనుక్కున్నాను. అయితే టన్ను చాలదు, టన్నున్నర తీసుకోండని, కాయిల్ రాగిదైతే లీకు వచ్చినా అతుకు వేయించుకోవచ్చని, స్టార్లను చూసి మురిసిపోకుండా ఆ చీటీ కింద రాసిన యూనిట్ల లెక్క చూడాలని చెప్పి, బయట బిగించే డబ్బా ఎటువైపు పెడితే పక్కింటివాళ్లతో తగాదా రాదో ఒక పాత బిల్లు వెనకాల బొమ్మ గీసి మరీ చూపించాడు. ముప్పావుగంట పట్టింది. మధ్యలో టీ వచ్చింది. యజమాని తనకు తెచ్చిన గ్లాసు నాకిచ్చి, తనకు మళ్లీ చెప్పుకున్నారు. నేను ఆ బొమ్మ గీసిన కాగితాన్ని భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, "ఇంట్లో ఒక మాట అనుకుని వస్తానండీ" అని సెలవు తీసుకుని, రోడ్డు దాటి, కొబ్బరిబోండాల బండి నీడలో నిలబడి అదే ఏసీని రెండు వేల రెండు వందల రూపాయలు తక్కువకు ఫోనులో బుక్ చేశాను. ఆ కుర్రాడు అద్దాల తలుపు వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. మర్యాదస్తుడు, చెయ్యి ఊపాడు.

ఈ విద్యలో అసలు కష్టం మోడల్ నెంబరు రాబట్టడంలో ఉంది. ఒకే సరుకుకు కొట్లలో ఒక నెంబరు, సైట్లలో ఇంకో నెంబరు వేసి కొన్ని కంపెనీలు మావంటివాళ్లను ఏడిపిస్తాయి. అందువల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ వెనకవైపు చీటీని ఫొటో తీసే నేర్పు సంపాదించాను. చివరి రెండేళ్లలో యజమాని ఆ నెంబర్ల మీద ధర స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టారు. వచ్చినవాణ్ని అనుమానించడం ఎంత అవమానకరమో చూడండి. నేను ఆ స్టిక్కర్లను గోటితో పీకవలసి వచ్చింది.

దుకాణదారులు మాత్రం ఏమంత శుద్ధపూసలు? ఆ కాలం మరిచిపోయారా? హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ఇంట్లో ఉండటమే హోదా అయిన రోజుల్లో, 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ దేశంలో అడుగుపెట్టిన కొత్తలో, కొట్టువాడు దేవుడి తరవాత దేవుడు. వాడు చెప్పిందే ధర, వాడు ఇచ్చిందే సరుకు. "లాస్ట్ పీసండీ" అనేవాడు. మనం కొన్న మర్నాడు అదే చోట అలాంటిదే ఇంకొకటి వెలిసేది. "మీరు కాబట్టి ఈ రేటు" అనేవాడు, మన వెనకాల నిలబడ్డవాడితోనూ అదే అనేవాడు. టీవీతో పాటు స్టెబిలైజరు, స్టెబిలైజరుతో పాటు స్టాండు అంటగట్టేవాడు. ఆ తరవాత కంపెనీలే జీతమిచ్చి తమ మనుషుల్ని కొట్లలో నిలబెట్టే పద్ధతి వచ్చింది. ఎర్రచొక్కా వాడు ఒక చెయ్యి, నీలంచొక్కా వాడు ఇంకో చెయ్యి పట్టుకు లాగుతుంటే, ఇద్దరి మధ్యా నలిగినవాడు ఇంటికొచ్చి ఫోను తెరవక ఏం చేస్తాడు?

ఇదంతా తవ్విపోస్తే నేరం తిరిగి తిరిగి తెలుగువాడి మెడకే చుట్టుకునేలా ఉంది. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాలమ్మే సైటుగా మొదలైనప్పుడు దానికి మొదటి ఆర్డరు పెట్టింది మన మహబూబ్‌నగర్ పెద్దమనిషే. ఆయన అడిగిన పుస్తకం చేతిలో లేక, కుర్ర వ్యవస్థాపకులు బెంగళూరు పుస్తకాల షాపులు గాలించి, కొని పంపించారు. అంటే ఆ ఆన్‌లైన్ వ్యాపారానికి బోణీ జరిగింది కూడా ఇటుక గోడల దుకాణంలోనే. ఆ పుస్తకాల కొట్టాయన, పాపం, ఆ రోజు గల్లాపెట్టెలో నోటు వేసుకుంటూ కళ్లకద్దుకునే ఉంటాడు.

తరవాతి కథ వేగంగా నడిచింది. 2013 జూన్‌లో అమెజాన్ ఇక్కడికి దిగింది. 2014 జులైలో షావోమీ ఫోను ఒక్క సైటులోనే, సెకన్లలో అమ్ముడైపోయేటట్టు వచ్చింది. కొట్టుకెళ్లి అడిగితే "అది మాకు ఇవ్వరండీ" అని చెప్పడం యజమానులకు అలవాటైంది. అదే ఏడాది అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ పండగ అమ్మకం పెట్టి, పది గంటల్లో పది కోట్ల డాలర్ల సరుకు అమ్మామని ప్రకటించింది. జనం తాకిడికి సైటు మొరాయించడంతో మర్నాడు వ్యవస్థాపకులు క్షమాపణ లేఖ కూడా రాశారు. గమనించండి, ఏలూరు రోడ్డు కొట్టులో ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అంత జనం వచ్చి షట్టరు విరిగిపోలేదు. క్షమాపణ లేఖ రాసే అదృష్టానికే నోచుకోని వ్యాపారం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంతకీ చట్టం దృష్టిలో ఈ సైట్లు దుకాణాలే కావు. విదేశీ పెట్టుబడి ఉన్న ఇలాంటి సంస్థ సొంత సరుకు నిలవ ఉంచుకుని ఆన్‌లైన్‌లో నేరుగా జనానికి అమ్మకూడదు. ఎవరో తెచ్చిన సరుకు ఎవరో కొనుక్కుపోయే సంతగా మాత్రమే ఉండాలి. తమకు వాటా ఉన్న కంపెనీ చేత తమ వేదిక మీద అమ్మించరాదని, ఫలానా సరుకు మా దగ్గరే అమ్మాలని ఎవరినీ కట్టడి చేయరాదని 2019 ఫిబ్రవరి 1 నుంచి నిబంధన కూడా వచ్చింది. ఢిల్లీ వ్యాపారుల ఫిర్యాదు మీద 2020 జనవరిలో వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెంటి మీదా విచారణకు ఆదేశించింది. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాకు 1,600 కోట్ల డాలర్లు పోసింది సంత నడపడానికే అన్నమాట. అటువైపు అది. ఇటువైపు లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించి, పద్నాలుగు టీవీలకూ ఒకే ఛానల్ పెట్టి, పసుపు గుడ్డతో ఫ్రిజ్‌ల మీద దుమ్ము తుడుచుకుంటున్న మా యజమాని. ఆయన ఒకసారి నా ఫోను తీసుకుని అందులో ధర చూసి, "డీలరు నాకిచ్చే రేటు కంటే ఇదే తక్కువ సార్, నేనూ ఇందులోనే కొనుక్కుని అమ్ముకుంటే నాలుగు రూపాయలు మిగిలేలా ఉన్నాయి" అన్నారు. హాస్యమాడారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

అసలు దుకాణమనేదే పోయిందని కంటతడి పెట్టేవాళ్లు కూడా కాస్త తమాయించుకోవాలి. 1980లో హైదరాబాద్‌లో మొదలైన బజాజ్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల మాతృసంస్థ 2022 అక్టోబరులో 500 కోట్ల రూపాయల షేర్లు జారీ చేసి స్టాక్ మార్కెట్ ఎక్కింది. ఆన్‌లైన్‌లో తప్ప దొరకనని బెట్టు చేసిన షావోమీయే 2017లో బెంగళూరులో సొంత దుకాణం తెరిచింది. 2023 ఏప్రిల్‌లో ముంబైలో ఆపిల్ దుకాణం తలుపును ఆ కంపెనీ అధిపతి స్వయంగా వచ్చి తీస్తే, ఇంట్లో కూర్చుని తెప్పించుకోగలిగిన ఫోను కోసం జనం బారులు తీరి నిలబడ్డారు. లారీల లెక్కన సరుకు దించుకోగలిగినవాడు బాగానే ఉన్నాడు. ఒక్క షట్టరువాడే పోయాడు, వాడితో పాటు నాకు టీ పోయింది.

కాబట్టి ప్రభుత్వానికి ఒక సవినయ ప్రతిపాదన. మిగిలిన ఒంటి షట్టరు దుకాణాలను వెంటనే స్వాధీనం చేసుకుని దర్శన కేంద్రాలుగా ప్రకటించాలి. జీతాలు మున్సిపాలిటీ ఇవ్వాలి. సరుకు మారుతూ ఉండాలి గానీ అమ్మకూడదు. అమ్మితే తరవాత వచ్చినవాళ్లు చూడటానికి ఏముంటుంది? క్రికెట్ ఉన్న రోజున పెద్ద టీవీని ఫుట్‌పాత్ వైపు తిప్పి పెట్టడం తప్పనిసరి చేయాలి. 2011 ఏప్రిల్ 2న ప్రపంచ కప్పు ఫైనల్ నేను అలా నిలబడే చూశాను, చివరి సిక్సరుకు పక్కనున్న అరటిపళ్లబండి ఆయన నన్ను ఎత్తుకున్నాడు. ఏ సైటు అద్దంలోంచీ అలాంటి దృశ్యం ఇంతవరకు నాకు కనిపించలేదు. ప్రవేశ రుసుము పెట్టాలని కొందరు అంటున్నారు. దాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఎప్పుడూ ఉచితంగా వచ్చినదానికి వెలకట్టడం జాతి సంస్కారం కాదు.

ఇక ఆ ఏసీ. డబ్బా మూడో రోజే వచ్చింది. బిగించేవాడు పన్నెండో రోజు వచ్చి, గోడ చూసి, స్టాండు లేదని వెళ్లిపోయాడు. సైటులో ఉన్న మాట్లాడే యంత్రం నా బాధ విని చాలా విచారం వ్యక్తం చేసి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. ఇంకో గత్యంతరం లేక, మూసేసిన కొట్టు యజమానికి ఫోను చేశాను. ఆయన అప్పటికి కూతురి దగ్గరికి గుంటూరు మారిపోయారట. స్టాండు ఎక్కడ దొరుకుతుందో, ఎంత పైపు పడుతుందో, ఎవరిని పిలవాలో అన్నీ చెప్పి, ఆ కుర్రాడిప్పుడు పార్శిళ్లు పంచుతున్నాడని, ఆదివారం ఖాళీగా ఉంటే వచ్చి బిగించిపెడతాడని అతని నెంబరు కూడా ఇచ్చారు. ఇంకా స్టెబిలైజరు సంగతి, నెలనెలా వడపోత జాలీ కడగాలా వద్దా అన్న సంగతి, పనిలో పనిగా మా ఫ్రిజ్ చేస్తున్న శబ్దం సంగతి అడగవలసి ఉండగా, భోజనానికి పిలుస్తున్నారంటూ పదకొండు నిమిషాలకే ఫోను పెట్టేశారు.