సవరణ: శాటర్న్-5 సముద్రం వైపు ఎందుకు ఒరిగింది?

మనిషి చంద్రుడిపై దిగిన అపోలో 11 యాత్ర నిజమేనా అన్న సందేహాలపై రాసిన గత పోస్టులో "(ఆ యాత్రను మోసిన రాకెట్) శాటర్న్-5 నిటారుగా 185 కి.మీ. లేచి, అక్కడ పక్కకు తిరిగింది" అని ఉంది. అది సరికాదు. యాత్ర బూటకమని, "రాకెట్ వంగి అట్లాంటిక్‌లో పడింది" అనేవారికి ఊతమిచ్చేది సరిగ్గా ఈ మాటే.

టవర్ దాటిన కొన్ని సెకన్లకే ఒరగడం మొదలైంది. నిటారుగా ఎగిరినంతసేపూ ఇంధనంలో చాలా భాగం బరువు మోయడానికే పోతుంది. కక్ష్యకు కావలసింది అడ్డంగా సెకనుకు 7.8 కి.మీ. వేగం. రాకెట్‌లోని మూడు దశల్లో (ఒకదాని తర్వాత ఒకటి మండి విడిపోయే భాగాలు) మొదటిది సుమారు 2 నిమిషాల 40 సెకన్లకు, 65 కి.మీ. పైన ఆగేసరికే రాకెట్ బాగా వాలిపోయింది. తీరం నుంచి చూసేవారికి ఇది కిందికి దిగుతున్నట్టే ఉంటుంది, కానీ ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. 185 కి.మీ. ఎత్తున ఉన్నదైనా సుమారు 1,500 కి.మీ. దాటితే భూమి వంపు చాటుకు పోతుంది. (శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం-3 బంగాళాఖాతం మీదుగా వంగేదీ ఇలాగే.) సముద్రంలో పడినవి ప్రధానంగా ఖాళీ అయిన మొదటి రెండు దశలే.

ఇంకొకటి: చంద్రుడి దారి పట్టడానికి, నేల మీది నుంచి భూమి ఆకర్షణను పూర్తిగా దాటడానికి కావలసిన సెకనుకు 11.2 కి.మీ. వేగం అక్కర్లేదు, సుమారు 10.8 కి.మీ. చాలింది. చంద్రుడు భూమి ఆకర్షణలోనే ఉన్నాడు కదా. ఆ వేగాన్నిచ్చింది, ప్రయోగమైన 2 గంటల 44 నిమిషాలకు మళ్లీ మండి, దాదాపు 6 నిమిషాలు పనిచేసిన మూడో దశ.