లైటు ఎటు నుంచి వచ్చినా ఒకటేనా?

పెళ్ళిళ్ళ సీజను దగ్గర పడితే విజయవాడ, గుంటూరు ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: లోకీ ఫోటో (ఎక్కువ భాగం చీకటిగా ఉండి, వెలుగు కొద్ది చోటే పడే ఫోటో) బ్రహ్మవిద్యేమీ కాదు, లైటు ఎటు నుంచి వచ్చినా ఎడిటింగ్‌లో ఎక్స్‌పోజర్ తగ్గిస్తే సరిపోతుంది, వెనక నల్ల తెర మాత్రం తప్పనిసరి, ఖరీదైన స్టూడియో లైట్లు లేనివాళ్ళు దాని జోలికి పోకూడదు, నల్లగా ఉన్నవాళ్ళకు అసలు నప్పదు, కెమెరాలో రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది) తగ్గించి తీసి, ఫోనులో చూసుకుని బాగుంటే ప్రింటుకు పంపెయ్యవచ్చు. లైటు ఎలా ఉన్నా ఫరవాలేదన్న మొదటి మాటకూ, ఖరీదైన లైట్లు ఉండి తీరాలన్న మూడో మాటకూ పొత్తు ఎలా కుదిరిందో రాసినవారికే తెలియాలి. పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు దీన్ని పాఠంలా దాచుకుంటున్నారు కాబట్టి, ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి వస్తోంది.

అన్నిటిలోకీ పెద్ద పొరపాటు మొదటిదే. ఎక్స్‌పోజర్ తగ్గించడమంటే ఫోటోలోని ప్రతి చోటునూ ఒకే నిష్పత్తిలో మసకబార్చడం. రెండు చెంపల మీదా సమానంగా వెలుగు పడిన ముఖాన్ని మూడు స్టాపులు తగ్గిస్తే రెండు చెంపలూ కలిసి ఎనిమిదో వంతుకు పడిపోతాయే గానీ, వాటి మధ్య లేని తేడా కొత్తగా పుట్టుకు రాదు. చేతికి వచ్చేది కరెంటు పోయిన గదిలో తీసినట్టుండే ఫోటో. లోకీలో వెలుగు పడిన చెంప వెలుగుగానే ఉండాలి, రెండో చెంప దానికి రెండు మూడు స్టాపులు, అంటే నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో దిగాలి. ఆ తేడాను తెచ్చేది దీపం ఉన్న దిక్కు.

నమ్మకం కుదరనివారు ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్న కొండపల్లి బొమ్మను ఒకదాన్ని తీసి బల్ల మీద పెట్టి, గది చీకటి చేసి, సెల్ టార్చితో చుట్టూ తిరిగి చూడవచ్చు. టార్చి మన కంటి పక్క నుంచే పడినప్పుడు బొమ్మ ముక్కు, తలపాగా మడతలు, చేతి వేళ్ళు అన్నీ రంగు మచ్చలుగా చదునైపోయి, గోడకు అంటించిన స్టిక్కరులా కనిపిస్తుంది. అదే టార్చిని పక్కకు, కొంచెం పైకి జరిపితే ముక్కు నీడ చెంప మీద వాలుతుంది, తలపాగాకు మడతలు వస్తాయి. పూర్తిగా పక్కకు తెస్తే బొమ్మ సగం చీకట్లోకి పోయి, మిగిలిన సగంలో కుంచె పెట్టిన గీతల ఎత్తు కూడా తెలుస్తుంది. ఇంకా వెనక్కి తీసుకుపోతే భుజం మీద సన్నటి వెలుగు అంచు ఒక్కటే మిగులుతుంది. ఇంతసేపూ బొమ్మా మారలేదు, టార్చీ మారలేదు. ఉండవల్లి గుహల్లో శయనించిన విష్ణుమూర్తిని సెల్ ఫ్లాష్‌తో తీసినవారి ఫోటోల్లో అంత పెద్ద శిల్పమూ గోడ మీద బొమ్మలా తేలిపోవడానికి కారణం కూడా ఇదే.

ఎడిటింగ్‌లో మాస్కులు గీసి, అంటే ఫోటోలో కావలసిన చోటును మాత్రమే విడదీసి, నీడలు తర్వాత వేసుకోవచ్చు కదా అనేవారున్నారు. వేసుకోవచ్చు, ఓపిక ఉంటే. కానీ ముక్కు నీడతో పాటు కనుబొమ కింది గుంట, పెదవి కింది పల్లం, చర్మం మీది ప్రతి ముడతా అదే దిక్కుకు నీడ వేయాలి. కంటిపాపలో దీపం మెరుపు నడిమధ్యన ఉండి, ముక్కు నీడ మాత్రం పక్కకు వాలి ఉంటే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది. దీపాన్ని కంటికన్నా కాస్త ఎత్తులో, ముఖానికి దాదాపు 45 డిగ్రీల పక్కన పెడితే నీడ వైపు చెంప మీద, కంటి కింద ఒక చిన్న వెలుగు త్రికోణం పడుతుంది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే లైటింగ్ ఇదే. దీన్ని దీపంతో తెచ్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఎడిటింగ్‌లో ఒప్పించేలా గీయడానికి ఒక పూట పడుతుంది.

ఇక నల్ల తెర సంగతి. చిన్న దీపం వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. దీపం ముఖానికి అర మీటరులో ఉండి, వెనక గోడ ఆ దీపానికి 4 మీటర్ల దూరంలో ఉంటే, గోడ మీద పడేది ముఖం మీద పడిన దానిలో 64వ వంతు, అంటే ఆరు స్టాపులు తక్కువ. అప్పుడు తెల్ల సున్నం గోడైనా ఫోటోలో దాదాపు నల్లగానే పడుతుంది. కిటికీ వంటి పెద్ద వెలుగుకు ఈ లెక్క ఇంత కచ్చితంగా కుదరదు గానీ, మనిషి కిటికీకి దగ్గరగా, గోడ దూరంగా ఉండాలన్న సూత్రం అక్కడా పనికొస్తుంది. మన అపార్టుమెంటు గదుల్లో అసలు ఇబ్బంది వెనక గోడతో కాదు, పక్క గోడతో. మీగడ రంగు వేసిన ఆ గోడ వెలుగును తిప్పికొట్టి, మనం కష్టపడి తెచ్చుకున్న నీడను నింపేస్తుంది. నల్ల గుడ్డ ఒక్కటే ఉంటే దాన్ని వెనక కట్టకుండా నీడ వైపు చెంపకు దగ్గరగా పెట్టమని నేను చెబుతాను.

గుంటూరులో మా పాత ఇంటి పడమటి గదిలో నాయనమ్మను తీసినప్పుడు ఇది బాగా అనుభవంలోకి వచ్చింది. సాయంత్రం నాలుగు గంటల ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తాతయ్య పల్చటి పంచె అడ్డం కట్టి, ఆమెను పేము కుర్చీలో కిటికీకి పక్కగా కూర్చోబెట్టాను. వెలుగు పడిన చెంపను కెమెరాతో కొలిస్తే, షట్టరు 1/125 సెకను తెరుచుకుంటే చాలని వచ్చింది. రెండో చెంపకు 1/60, దాదాపు రెట్టింపు సేపు, అంటే తేడా ఒక్క స్టాపే. అటు పక్క జానెడు ఎడంగా పాత నల్ల గొడుగు తెరిచి పట్టుకోమని తమ్ముడికి చెప్పేసరికి అది 1/15కి దిగింది, మూడు స్టాపులు. "ఇంట్లో గొడుగేంట్రా, కప్పు గానీ కారుతోందా?" అని ఆమె పైకి చూసిన క్షణంలో తీసిందే ఆ ఫోటో.

ఆ గొడుగూ పంచే మూడో మాటకు కూడా జవాబు. ఖరీదైన లైటు సౌకర్యమే, షరతు కాదు. చవక ఎల్‌ఈడీ బల్బు వాడేవారు మాత్రం మన కరెంటు 50 హెర్ట్జ్ అని, అటువంటి బల్బులు చాలా వరకు సెకనుకు 100 సార్లు మినుకుతాయని గుర్తుపెట్టుకుని షట్టరును 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంచితే ఫోటోలో చారలు పడవు.

నల్లగా ఉన్నవారికి నప్పదన్న మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది చేతగానితనాన్ని ఎదుటివారి ఒంటి రంగు మీదికి నెట్టడం. మా నాయనమ్మది కారు నలుపు. తెల్లటి చర్మం తన మీద పడిన వెలుగును ఎక్కువగా నలుదిక్కులా వెదజల్లుతుంది. నల్లటి చర్మం అలా వెదజల్లేది తక్కువ కాబట్టి, పైపొర మీది మెరుపే రూపాన్ని ఎక్కువగా చెబుతుంది. ఆ మెరుపు అద్దం మీది ప్రతిబింబం వంటిది, వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో అటువైపు పోతుంది. కాబట్టి దీపాన్ని ఆ మెరుపు కెమెరాలోకి వచ్చే చోటికి జరపాలి. దీపం చిన్నదైతే నుదుటి మీద ఒక తెల్ల చుక్క పడుతుంది, పంచె కట్టిన కిటికీ అంత పెద్దదైతే దవడ ఎముక పొడవునా వెలుగు పూత పూసినట్టు పరుచుకుంటుంది. పెళ్ళికూతురి ముఖానికి పౌడరు దట్టంగా పట్టించి, ఈ మెరుపును ముందే చంపేసి, ఆ తర్వాత ఫోటోలో కళ లేదని లైటును తిట్టుకోవడం మన హాళ్ళలో చాలాసార్లు చూశాను.

కెమెరాలో రెండు స్టాపులు తగ్గించమనడంలో మాత్రం సగం నిజముంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు, తాను చూసిన దాన్నంతా నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది, ఫ్రేములో ముప్పాతిక చీకటైతే దాన్ని కూడా వెలిగించబోతుంది, కాబట్టి తగ్గించక తప్పదు. ఎంత తగ్గించాలన్నది చీకటి ఎంత మేర ఉందో దాన్ని బట్టి మారుతుంది. ఒక్క చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరును వెలుగు పడిన చెంప మీదే పెట్టి చూసుకుంటే రెండు, మూడు అనే ఊహలు అక్కర్లేదు. ఫోనుతో తీసేవారు నైట్ మోడ్ తీసేయాలి, లేకపోతే మనం కావాలని ఉంచుకున్న నీడలన్నిటినీ అది సాయం చేస్తున్నాననుకుని లేపేస్తుంది.

చివరి మాట, ఫోనులో బాగుంటే ప్రింటులోనూ బాగుంటుందన్నది. ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను. ఫోను తెర తనంతట తానే వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును తిప్పి పంపడం తప్ప ఇంకేమీ చేయలేదు. తెర వెలుగు నిండుగా పెట్టి నీడలో వివరం ఉందని మురిసిపోతే, ప్రింటులో అది తారు ముద్దవుతుంది. నాయనమ్మ ఫోటో మొదటి ప్రింటులో భుజం మీది చీర అంచు, వెనకటి కుర్చీ అల్లిక రెండూ మాయమయ్యాయి. ఆమె దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, ఎండకు అటూ ఇటూ తిప్పి, "సగం మొహమే పడిందేంట్రా, మిగతా సగం ఏదీ?" అంది. తెర వెలుగు సగానికి తగ్గించి, నీడలను మాత్రమే కాస్త లేపి, ముందుగా చిన్న కాగితం మీద రెండు మూడు పరీక్ష ప్రింట్లు తీయించుకున్నాక పెద్దది వేయించాను. ఈసారి ఆమె ముఖం వైపు చూడలేదు. నీడలో సన్నగా మెరుస్తున్న ముక్కుపుడక మీద వేలు పెట్టి, అది తన అమ్మ ఇచ్చిందని పక్కింటావిడకు చెప్పడం మొదలుపెట్టింది.