వంతెన కొంటే సరిపోదు

2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి చూరల్‌మల వంతెన కొట్టుకుపోయాక అవతల ముండక్కైకి జేసీబీ వెళ్లే దారి కూడా లేకుండా పోయింది. సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ శాపర్స్ 31వ తేదీ రాత్రి పని మొదలుపెట్టి, మర్నాడు సాయంత్రానికల్లా 24 టన్నులు మోసే 190 అడుగుల బెయిలీ వంతెన, అంటే ముందే చేసిపెట్టిన ఉక్కు ముక్కలను కలిపి బిగించే వంతెన, వేసేశారు. మన తెలుగు కుర్రాళ్లు కూడా చేరే దళం అది. దేశమంతా చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. అయితే ఆ వేగం ఆ ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. ఏ లారీలో ఏ ముక్క ముందు ఎక్కించాలి, ఏ పిన్ను ఎవరు బిగించాలి అన్నది చీకట్లో కూడా తడుముకోకుండా చేసేంత సాధన దాని వెనక ఉంది.

అక్కడ కనీసం అవతలి ఒడ్డు నుంచి ఎవరూ కాల్పులు జరపలేదు. 1973 అక్టోబరు 6న, అవతలి ఒడ్డును పట్టుకుని ఉన్న ఇజ్రాయెల్ మీద యుద్ధానికి దిగి సూయజ్ కాలువ దాటిన ఈజిప్టు సైనిక ఇంజినీర్లకు ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా నిలువెత్తు కాదు, కొన్నిచోట్ల 20 మీటర్ల దాకా ఇసుక గట్టు. దాన్ని పంపులతో నీళ్లు చిమ్మి కోసేసి, రాత్రికి రాత్రే వంతెనలు పరిచారు. దక్షిణాన మాత్రం నీళ్లు తగిలిన గట్టు బురదై కూర్చుంది, అక్కడ వంతెనలు ఆలస్యమయ్యాయి. అవతలి ఒడ్డు మట్టి ఎలాంటిదో ముందే చూసుకోవాలనేది అందుకే.

అదే యుద్ధంలో ఇజ్రాయెల్ సంగతి ఇంకా ముఖ్యం. రోలర్ల మీద దొర్లిస్తూ లాక్కెళ్లే వందల టన్నుల వంతెనను ముందే తయారు చేసి పెట్టుకున్నారు. తీరా ట్యాంకులతో లాక్కొస్తుంటే దారిలో అది విరిగింది, రోడ్లేమో బండ్లతో కిక్కిరిసిపోయాయి. అక్టోబరు 15 రాత్రి సైనికులు పడవల్లో దాటారు, ట్యాంకులు తెప్పల మీద వెళ్లాయి, ఆ వంతెన కాలువ మీదికి చేరేసరికి రోజులు గడిచిపోయాయి. వస్తువు ఉంది, దాన్ని రేవు దాకా చేర్చే ఏర్పాటే లేదు!

మన రక్షణ శాఖ 2023 ఫిబ్రవరిలో 41 మాడ్యులర్ (భాగాలుగా మోసుకెళ్లి కలిపే) వంతెనల సెట్లకు 2,585 కోట్ల రూపాయలకు పైగా ఒప్పందం చేసుకుంది. సెట్టుకు ఏడు వాహనాలు మోయడానికి, రెండు పరచడానికి, పొడవు 46 మీటర్లు. మంచి నిర్ణయం, స్వాగతిస్తున్నాం. కాలువలకూ చిన్న నదులకూ అది చాలు, పెద్ద నదులకు తేలే వంతెనలే కావాలి. ఏదైనా సరే, వంతెనతోపాటు దాని సిబ్బంది, డ్రైవర్లు, మరమ్మతు బృందం, రేవు దగ్గర ఎవరు ముందు దాటాలో చెప్పే ట్రాఫిక్ అధికారి ఒకే దళంగా ఉండాలి. ఆ దళం ట్యాంకు రెజిమెంట్లతో కలిసి ఏటా రాత్రిపూట, నిండుగా పారే నీటి మీద సాధన చేయాలి. అవసరం వచ్చాక అక్కడో సైనిక కంపెనీని, ఇక్కడో సైనిక కంపెనీని పట్టుకొచ్చి అతికించడం దాహమేసినప్పుడు బావి తవ్వడమే. ఒక్కో వంతెన సెట్టుకు పూర్తి సిబ్బంది ఉన్నారా, వాళ్లు చివరిసారి నది దాటించిందెప్పుడు అన్న లెక్కను రక్షణ శాఖ పార్లమెంటు స్థాయీ సంఘం ముందు ఏటా పెట్టాలని కోరుతున్నాం.