సభ ముగిశాకే అసలు పని

సుస్థిర అభివృద్ధిపై విశ్వవిద్యాలయ విభాగాలు పెట్టే సభలకు ఈమధ్య పౌరులందరినీ ఆహ్వానిస్తున్నారు. ఇది మంచి మార్పు, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే వచ్చిన పౌరుడికి అక్కడ దక్కే చోటు ఏమిటి? గంటల తరబడి ఉపన్యాసాలు సాగుతాయి. ప్రశ్నలకు చివరి పది నిమిషాలు మిగులుతాయి. వెనక వరుసకు మైకు చేరేలోపే వందన సమర్పణ మొదలవుతుంది.

ఉపన్యాసాల్లో చెప్పేవి అబద్ధాలు కావు. రాబోయే తరాల అవసరాలకు గండికొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలని ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లోనే చెప్పింది. 2015లో ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలు 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఒప్పుకొని 2030ని గడువుగా పెట్టుకున్నాయి. వాటికింద ఉన్న ఉపలక్ష్యాల్లో సజావుగా సాగుతున్నవి 17 శాతమేనని ఐరాస 2024 నివేదిక తేల్చింది. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ తన కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో తెలుసుకోవాలని వచ్చిన మనిషికి తెరమీది ఈ అంకెల్లో జవాబు లేదు.

ఆ జవాబు ఇవ్వగల శక్తి విశ్వవిద్యాలయాలకు ఉంది. అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014లో తాగునీటి వనరును మార్చింది. నీళ్లు రంగు మారాయని, వాసన వస్తున్నాయని జనం మొత్తుకున్నా అధికారులు భయం లేదన్నారు. ఓ తల్లి వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులను ఆశ్రయించారు. వాళ్లు 2015లో దాదాపు 300 ఇళ్లకు నమూనా సీసాలు పంపారు. కనీసం ఆరు గంటలు కుళాయి తిప్పకుండా ఉంచి, మొదట వచ్చిన నీటిని పట్టాలి. పైపుల్లో నిలిచిన నీటిలో సీసం అనే విషలోహం ఎంత కరిగిందో అప్పుడే తెలుస్తుంది. ఆ సీసాలు నింపింది స్థానికులే. ఫలితాలు బయటపడ్డాక అధికారుల మాట నిలవలేదు. ఆ అక్టోబరులోనే నగరం పాత వనరుకు మళ్లింది. ప్రశ్న, నమూనా జనానివి, పరీక్ష విశ్వవిద్యాలయానిది. సుస్థిర అభివృద్ధికి ఇంతకంటే మంచి పాఠం ఏ వేదిక చెప్పగలదు?

ఇది ఆపద ముంచుకొచ్చినప్పుడే చేయాల్సిన పనీ కాదు. నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల్లో 1970ల నుంచే ‘సైన్స్ షాపులు’ నడిచాయి. పౌర సంఘాలు సమస్య తెస్తే, అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు పరిశోధించి జవాబిచ్చేవారు. అదే చదువులో భాగమయ్యేది కూడా.

మన విభాగాలను మేం కోరేదీ ఇదే. సభకు ముందే జనం నుంచి ప్రశ్నలు తీసుకోండి. అన్నీ చేయలేకపోవచ్చు, రెండు మూడయినా విద్యార్థులకు ప్రాజెక్టులుగా అప్పగించి మార్కులివ్వండి. అధ్యాపకుల పదోన్నతిలో పరిశోధన పత్రికల్లో అచ్చయిన వ్యాసాలతో పాటు ఈ పనినీ లెక్కలోకి తీసుకోండి. లేకపోతే ఎంత ఆసక్తి ఉన్నా ఎవరు సమయం వెచ్చించగలరు? సభకు డబ్బిచ్చిన సంస్థ పేరు దాచకండి. ఆ సంస్థ మీద ప్రశ్న వచ్చినా పక్కన పెట్టకండి. వచ్చే సభ ఆహ్వానపత్రంలో వక్తల పేర్లకంటే ముందు, గత సభలో అడిగిన ప్రశ్నలను, వాటికి దొరికిన జవాబులను అచ్చు వేయండి. జవాబు దొరకనివి ఏవో, ఎందుకు దొరకలేదో కూడా రాయండి.